రెండు తీగల కేబులు

ఫహాహీల్‌లో, బంగారపు కొట్ల వెనక సందులో
నా కొట్టు ఒక మనిషి పక్కకు తిరిగితే నిండిపోయేంత.
అద్దం కింద పగిలిన తెరలు, ఉబ్బిన బ్యాటరీలు,
పావు దీనారు కేబుళ్ళు ఒక డబ్బా నిండా.
కొనేవాళ్ళకు ముందే చెబుతాను:
ఇందులో రెండే తీగలు,
ఫోనుకు తిండి పెడతాయి, మాట మోయవు.
మాట మొయ్యాలంటే నాలుగు తీగలుండాలి,
దానికి దీనారున్నర.
చాలామంది చవకదే తీసుకుంటారు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మస్తానమ్మ వచ్చింది.
మాది రైల్వే కోడూరు, ఆమెది పక్కనే ఓబులవారిపల్లె.
చేతులకు క్లోరెక్స్ వాసన.
సంచిలోంచి ఒక టాబ్ తీసింది,
రబ్బరు తొడుగు అంచుల్లో పాలపళ్ళు కొరికిన గుర్తులు.
"అకామా కాన్సిలయింది. ఆదివారం ఫ్లైటు అబ్బీ, ఇంక రాను.
మా బదరుగాడు ఇందులో ఉండాడు.
వాణ్ణి నా ఫోన్లోకి దించు.
మేడమ్‌కు చెప్పే తెచ్చినా, మగ్రిబ్ లోపల ఇచ్చేయాల."

నాలుగు తీగలదే పెట్టాను.
తెర మీద బూడిదరంగు పలక లేచింది:
ఈ పరికరం నుంచి ఫైళ్ళు పంపడానికి
మీ సంస్థ అనుమతించదు.
బ్లూటూత్ నొక్కితే అదే పలక.
వాట్సాప్ అసలు ఎక్కనే ఎక్కదు.
"ఎవురబ్బీ ఆ సంస్థ?"
బాబా పనిచేసే ఆయిల్ ఆఫీసమ్మా.
పిల్లవాడి ఆటకిచ్చినా తాళం వాళ్ళదే.
"వాడికి నీళ్ళు పోసింది ఆఫీసా?"

తాళం తియ్యడం నాకు రాదని కాదు.
మామూలుగా తీస్తే లోపలున్నవన్నీ చెరిగిపోతాయి.
చెరగని దారి ఒకటుంది, అది ఎవరికీ చెప్పను.
వీడియో ఆడించి చూశాను.
మూడేళ్ళవాడు, ముందు గిన్నెలో అన్నం,
వెనక సోఫాలో మేడమ్, ముసుగు లేదు,
తడి తల తుడుచుకుంటూ ఎక్కడో ఉంది.
నేను తెరను మస్తానమ్మ వైపు తిప్పేశాను.
బొమ్మ నేను తియ్యలేనమ్మా.

ఆమె చూసింది. ఎన్నిసార్లు చూసి ఉంటుందో,
మేడమ్‌ను మాత్రం ఇప్పుడే చూసినట్టుంది.
"వద్దులే. గొంతు చాలు."

ఫ్యాను ఆపాను. షట్టరు సగం దించాను.
నా ఫోనును టాబ్ నోటి దగ్గర బోర్లించాను,
కడుపు మీద మంత్రసాని చెవి పెట్టినట్టు.
ఆఫీసు తాళం వెయ్యడం మరిచిన దారి ఒకటుంది, గాలి.

"పప్పు వద్దు! ఊరగాయ ముద్ద! పెద్ద ముద్ద!"
అరబ్బు నాలుక మీద అచ్చం మా కోడూరు యాస.
"మస్తానీ, యాడికి పోతాండావ్?"
"యాడికీ పోనురా, తిను."

పంతొమ్మిది సెకన్లు.
సందులో బస్సు హారను కూడా పడింది,
చివర్లో ఒక ఊపిరి,
అప్పటిదో, ఇప్పుడు కొట్లో నిలబడినదో.

తన ఫోనుకు పంపితే చోటు లేదంది.
ఏదో ఒకటి తీసెయ్యాలమ్మా అన్నాను.
వేలితో తోస్తూ పోయింది. అన్నీ కొడుకు పంపినవే:
పునాది, గోడలు, కిటికీ చట్రాలు,
స్లాబు వేసిన పొద్దు, మిల్లరు ముందు పగిలిన కొబ్బరికాయ.
పదకొండేళ్ళ జీతం వరసగా నిలబడింది.
స్లాబు నాటివి తొమ్మిది. ఒక్కొక్కటే నొక్కింది.
"ఇల్లు యాడికి పోతాది, పోయి చూసుకుంటా."

గొంతు దిగింది.
వింటుందనుకున్నాను, వినలేదు.
టాబ్‌ను కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.
పోతూ పోతూ ఒక కేబులు అడిగింది.
డబ్బులొద్దు, నాలుగు తీగలది తీసుకోమన్నాను.
డబ్బాలో చెయ్యి పెట్టి చవకదే తీసింది,
అద్దం మీద పావు దీనారు పెట్టింది.
"ఇంక మోసేదేముంది అబ్బీ."